పెద్ద మెదడు బాగానే ఉందని చెప్పాను

అరవై ఒకటో ఏట

ముందు నా సంతోషం చెప్పేసుకుంటాను. లేకపోతే అది మిగతాదేదీ రాయనివ్వదు. పోయిన నెల నాకు డిగ్రీ వచ్చింది! బి.ఏ., సైకాలజీ, దూరవిద్య. నా వయసు అరవై ఒకటి. మా నాన్న బోయిగూడ టింబర్ డిపోలో దుంగలు మోసి మమ్మల్ని పెంచాడు. సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా బొటనవేలు చాపేవాడు. మా ఇంటి పేరుతో ఒక పట్టా రావడం ఇదే మొదటిసారి.

కవరు తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆయన ముందే చింపాను. పక్కింటివాళ్లకు చూపించాను, పాలాయనకు చూపించాను. ఇస్త్రీ బండి మల్లయ్య చేతులు తుడుచుకుని మరీ పట్టుకుని చూశాడు.

"ఇగ నౌకరీ దొరుకుతదా వదినే?" అన్నాడు.

"నౌకరీ అయిపోయినంక చదివిన మల్లయ్యా. నాది అంతా ఉల్టా."

"పోనీ తియ్, పెన్షన్ల ఏమన్న పెంచుతరేమో అడుగు" అని నవ్వాడు.

మొదటి ఏడాది పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. ‘చిన్న మెదడు విధులు రాయండి.’ మా పుస్తకంలో దానికి నాలుగు లైన్లే ఉన్నాయి. ఒంటి నిలకడ, నడక, కదలికల పొందిక, అంతే. ఆ నాలుగు లైన్లూ రాసి ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను. అడిషనల్ షీటు అడిగి తీసుకుని, ఆలోచనకూ మాటకూ కోపానికీ నవ్వుకూ కూడా చిన్న మెదడుతో పని ఉందని మొదలుపెట్టి రెండు పేజీలు నింపాను. హాల్లో తిరుగుతున్న ఇన్విజిలేటర్ అమ్మాయి నా పక్కన ఆగింది.

"ఆంటీ, అది ఐదు మార్కుల ప్రశ్నే" అంది.

"తెలుసు బిడ్డా. కానీ నా తప్పు ముప్పై ఏండ్లది" అన్నాను.

ఆ రెండు పేజీల వెనక ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి గురించి, నేను చెప్పిన ఒక మాట అతని ఇంటిని ఎంతదాకా తెచ్చిందో, ఈ ఫిజియోథెరపీ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం రాస్తున్నాను. నాకు వచ్చిన ఇంక్రిమెంట్లూ మెచ్చుకోళ్లూ మీకెందుకు? తప్పు అయితే పనికొస్తుంది.

గురి

సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు ఫిజియోథెరపీ అసిస్టెంటుగా పనిచేశాను. ఇంటర్ తర్వాత చేసిన డిప్లొమా నా చదువు. గది తలుపు మీద పెద్ద పేరేదో ఉండేది గానీ మేం ‘నడక గది’ అనేవాళ్లం. రెండు ఇనుప కమ్మీలు, నాలుగు పరుపులు, నిలువెత్తు అద్దం, బయట పొడవాటి వరండా.

ఈ పనంటే కాళ్లూ చేతులూ ఆడించడం అనుకుని వస్తారు మీరు. అది సగం పని. మిగతా సగం ఆ వరండాలో బెంచీ మీద కూర్చున్న ఇంటివాళ్లతో మాట్లాడటం. దానికి సిలబస్ లేదు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. నా తప్పు పుట్టింది ఆ బెంచీ దగ్గరే.

మా గదికి పెద్ద ఫ్రాన్సిస్ సార్. ఆయన చేతిలో మహిమ ఉండేది. బిగుసుకుపోయిన భుజం మీద చెయ్యి వేసి, మాటల్లో పెట్టి, రోగికి తెలియకుండానే దాన్ని నాలుగంగుళాలు పైకి లేపేవాడు. నాకు పని నేర్పింది ఆయనే, ఆ రుణం నేను మరచిపోను. కానీ ఆయన లోపమూ చెప్పాలి. ఆయనకు మనిషంటే మెడ కింది నుంచే. "నడుస్తుండా? ఇంటికి తోలు" అనేవాడు. ఇంటికెళ్లాక ఆ మనిషి ఎలా ఉన్నాడని ఆయన అడగలేదు. ఆయన అడగలేదు కాబట్టి నేనూ అడగలేదు.

చిన్న మెదడు తల వెనక, మెడకు కాస్త పైన ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలినవాళ్లకు బలం పోదు. గురి పోతుంది. నా వేలు వాళ్ల ముందు నిలబెట్టి, "నా వేలు ముట్టుకో, తర్వాత నీ ముక్కు ముట్టుకో" అంటాను. వేలు వణుక్కుంటూ వచ్చి నా వేలిని దాటిపోతుంది. ముక్కు దగ్గరికి తెస్తే చెంపకు తగులుతుంది. నీళ్ల గ్లాసు అందుకోబోతే అవతలి గోడ తగులుతుంది. చెయ్యి ఎంత దూరం పోవాలి, ఎక్కడ ఆగాలి అనే లెక్క తప్పుతుందన్నమాట. ఆ లెక్కను మళ్లీ మళ్లీ చేయించి కుదర్చడమే మా పని.

"మెదడులో రక్తం ఆగింది" అని డాక్టర్లు చెప్పగానే బెంచీ మీద ముఖాలు పాలిపోయేవి. "మనిషి మనిషిలెక్క ఉంటడా మేడం?" అని అందరూ అదే అడిగేవాళ్లు. వాళ్లకోసం ఒక మాట తయారుచేసుకున్నాను. "దెబ్బ చిన్న మెదడుకే. పెద్ద మెదడు బాగానే ఉంది. తెలివికీ గుణానికీ ఏం కాదు, నడక వస్తే అంతా వచ్చినట్టే" అనేదాన్ని.

మన భాషలో ఆ ‘చిన్న’ అనే మాట ఎంత చల్లగా ఉంటుందో చూడండి. ఇంట్లో పెద్దవాడు క్షేమం, చిన్నవాడికి కాస్త దెబ్బ తగిలిందన్నట్టు వినపడుతుంది. ముఖాలు తేటపడేవి. "నీ నోట్ల చక్కెర పొయ్య డాక్టరమ్మా" అనేవాళ్లు. నేను డాక్టర్ని కాదు. కాదని ఒక్కసారీ అనలేదు.

అప్పారావు గారు

అప్పారావు గారు పెళ్లిళ్లకు వంట మాస్టర్. విజయనగరం వైపు నుంచి పాతికేళ్ల కిందట వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డారు. భార్య వరలక్ష్మి. పిల్లలు లేరు. కింద నలుగురు పనివాళ్లు. వెయ్యి మందికి వండే పెళ్లిలో ఏ పొయ్యి ఎప్పుడు వెలిగించాలో, ఏది ఎప్పుడు దించాలో కాగితం లేకుండా నడిపించే మనిషి. ఆయన జోకులకు పెళ్లివాళ్లు కూడా వంటశాలకొచ్చి నిలబడేవాళ్లట. ఇదంతా వరలక్ష్మి చెప్పింది. నేను చూసిన అప్పారావు గారు జోకులు వేసే మనిషి కాదు.

ఒకరోజు పొద్దున కళ్లు తిరిగి, వాంతులు పట్టుకుని, పైత్యం అనుకుని నిమ్మరసం తాగి పడుకున్నారు. మర్నాటికి నిలబడలేక తూలిపోతుంటే తీసుకొచ్చారు. చిన్న మెదడుకు రక్తం అందలేదని తేలింది. వారం తర్వాత నా దగ్గరికి పంపారు.

ఎంత తొందరగా కోలుకున్నారో! చెయ్యి గురి మూడు వారాల్లో కుదిరింది. ఆరో వారానికి వరండాలో ఒకే వరస టైల్స్ మీద పాదం ముందు పాదం పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. బెంచీ మీదివాళ్లు చప్పట్లు కొట్టారు. నేను గాల్లో తేలాను. వరలక్ష్మి కళ్లు తుడుచుకుంది. అప్పారావు గారి ముఖంలో మాత్రం ఏమీ లేదు. గోడలా ఉంది.

అదే వారం ఇంకోటి జరిగింది. వాకర్ పట్టుకుని నడుస్తున్న ఒక పెద్దావిడ కాలు మడతపడి కూలబడింది. అందరం పరుగెత్తాం. అప్పారావు గారు పెద్దగా నవ్వారు. ఆపకుండా నవ్వారు.

"ఏందండీ గిది? మనిషి పడితే నవ్వుతరా?" అని కసిరాను.

"నవ్వొచ్చేసిందమ్మా. నాను నవ్వలేదు" అన్నారాయన, బోర్డు మీది అక్షరాలు చదివినట్టు.

అంత పెద్ద సంగతిని ఆ మనిషి అంత సూటిగా చెబితే నేను వినలేదు! పైగా వరలక్ష్మిని పక్కకు పిలిచి, "మీ ఆయనకు జెర అదుపుల ఉండుమని చెప్పమ్మా, అంతా బాగైంది కదా" అన్నాను. డిశ్చార్జి రోజు నా పాత మాట మళ్లీ చెప్పి పంపాను. పెద్ద మెదడు బాగానే ఉంది, నడక వచ్చింది, ఇక నిశ్చింతగా ఉండండని.

కాగితం

నాలుగు నెలల తర్వాత ఒక గురువారం వరలక్ష్మి అన్నయ్య వచ్చాడు. పేరు రమణ. నేరేడ్‌మెట్‌లో ఉంటాడు, ఏదో కంపెనీలో సూపర్‌వైజర్. మర్యాదగా నిలబడ్డాడు గానీ దవడ బిగుసుకుని ఉంది.

"మా బావకి నడక బాగుందండి. చేతులు బాగున్నాయి. పెద్ద మెదడు బాగుందని మీరే చెప్పేరు. అవునా?"

"అవును."

"మరి మిగిలిందేటండి? పొగరే కదా?"

ఒక్కొక్కటే చెప్పాడు. ఒప్పుకున్న పెళ్లిలో బావ నూనె కాగబెట్టి, కూరలు తరిగించకుండా పొయ్యి ముందు నిలబడి చూస్తూ ఉండిపోయాడట. పప్పు దించాక బియ్యం కడగమన్నాడట. ఇదేంటని అడిగిన పెళ్లికూతురి తండ్రిని నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాడట. పనివాళ్లు విడిపోయారు. ఇంట్లో ‘తిన్నావా’ అని అడిగినా తిట్టినట్టే ఉంటుందట.

"అవన్నీ మా చెల్లి ఓర్చుకుందండి. మా అమ్మ పోయింది. అల్లుణ్ని కొడుకులా చూసుకున్న మనిషి. పదో రోజు, అందరూ ఏడుస్తుంటే పకపకా నవ్వేడు. ఆపమంటే ఇంకా నవ్వేడు. ఇంకేటి ఓర్చుకోవాలి?"

నేను కుర్చీ చూపించాను. అతను కూర్చోలేదు.

"ఆదివారం చెల్లిని మా ఇంటికి తీసుకెళ్లిపోతున్నాను. ఇక పంపను. రేపు మావాళ్లే, జబ్బు మనిషిని వదిలేసి వచ్చేసిందని మాటలంటారు. ఆయనకి బుద్ధి తెలియని జబ్బేమీ లేదని, మీరు మాతో చెప్పిన ముక్కే కాగితం మీద రాసివ్వండి. చాలు."

ఫ్రాన్సిస్ సార్ తన టేబుల్ దగ్గర నుంచి అంతా విన్నాడు.

"రాసియ్యి యాదమ్మా. నువ్వు చెప్పిందే కదా అడుగుతుండు. నీకేం పరేషాన్?"

కాగితం తీసుకున్నాను. ‘అప్పారావు గారికి’ అని రాశాను. పెన్ను అక్కడ ఆగింది. నోటితో కొన్ని వందల మందికి చెప్పిన మాట అది. కాగితం మీద పెట్టబోతే, ఇది నాకు ఎవరు నేర్పారు అనిపించింది. డిప్లొమాలో లేదు. ఏ డాక్టరూ చెప్పలేదు. ఫ్రాన్సిస్ సార్ చెప్పలేదు. బెంచీ మీద ముఖాలు తేటపడతాయని నేనే వండుకున్న మాట! ‘నాను నవ్వలేదు’ అన్న ముక్క అప్పుడు నా చెవికి ఎక్కింది, నాలుగు నెలలు ఆలస్యంగా.

"అన్నా, ఇయ్యాల రాయలేను. జెర ఆగుండ్రి."

"ఆదివారం దాకా ఆగుతానండి" అని వెళ్లిపోయాడు.

మోతాదు

మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన నరాల డాక్టరమ్మ నాకంటే పాతికేళ్లు చిన్నది. ఆమె గది ముందు నిలబడటానికి సిగ్గేసింది. తప్పు ఒప్పుకోవడానికి వెళ్తున్నాను మరి. అంతా చెప్పాను, నా మాటతో సహా. ఆమె నన్ను కోప్పడలేదు. అప్పారావు గారి స్కాన్ తీసి తెర నా వైపు తిప్పింది.

"మీకు తెలిసిన పరీక్షే గుర్తు తెచ్చుకోండి అమ్మా. వేలు గురి దాటిపోతుంది కదా. చేతికి ఎంత ఊపు ఇవ్వాలో, ఎక్కడ ఆపాలో చూసే పనే చిన్న మెదడు ఆలోచనకూ, మాటకూ, కోపానికీ, నవ్వుకూ కూడా చేస్తుంది. పెద్ద మెదడు ఒక్కదానితో అవ్వదు. రెండింటి మధ్యా ఎప్పుడూ రాకపోకలు ఉంటాయి."

"అంటే నవ్వు గురి దాటిపోయిందా?"

"అట్లానే అనుకోండి. చావింట్లో ఎవరికైనా లోపల ఏదో పిచ్చి నవ్వు మెదలొచ్చు. మనకు అది పెదవి దాకా రాదు. ఈయనకు ఆపే చోటు దాటి బయటికి వచ్చేస్తుందేమో. ఒక్కోసారి దీనికి రివర్స్. లోపల ఎంత ఉన్నా ముఖంలోకి, గొంతులోకి రాదు. రాయిలా ఉంటారు."

"మరి వంటలో వరస?"

"అదీ అంతే. ఏది ముందు, ఏది వెనక అని పేర్చుకోవడం. ఈ స్కాన్ చూడండి. చిన్న మెదడులో ముందు భాగానిది ఎక్కువగా కదలికల పని. వెనక భాగానిది ఎక్కువగా ఆలోచన పని. నడుమ ఉన్నదానికి భావాలతో సంబంధం. ఈయనకు దెబ్బ వెనక, నడుమ తగిలింది. ముందు భాగం దాదాపు బాగుంది. నడక అంత తొందరగా ఎందుకొచ్చిందనుకున్నారు?"

మేం చప్పట్లు కొట్టింది దేనికో చూశారా! అయినా నిజం చెప్పొద్దూ, ఆ సిగ్గు మధ్యలోనే నాకు సంతోషం పొంగింది. ముప్పై ఏళ్లు చేత్తో పట్టుకుని చూసిన ‘గురి’ అనే సంగతి మనిషి మనసు దాకా పోతుందని అప్పుడే తెలిసింది. ఇంటికెళ్లే బస్సులోనే అనుకున్నాను, ఇది నేను చదవాలి, ఎవరో చెబితే వినడం కాదు, చదవాలి అని.

డాక్టరమ్మ ఒక హెచ్చరిక కూడా చేసింది. "చిన్న మెదడు దెబ్బతిన్న ప్రతివాళ్లకూ ఇట్లా ఉండదు. కొందరికి కొంచెం ఉంటుంది, కొందరికి ఉండదు. కొందరికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఈయన్ని నేను పరీక్ష చేయకుండా ఇదే అని చెప్పను. సోమవారం తీసుకురండి."

"సోమవారానికి ఇల్లు ఉండదు డాక్టరమ్మా. ఆదివారమే ఆమె పోతుంది."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఒక నిమిషం టైమ్ పెట్టి, ఒకే రకం వస్తువుల పేర్లు చెప్పమనండి. పూల పేర్లో, ఊళ్ల పేర్లో. దాంతో జబ్బు తేలదు. కానీ ఇంటివాళ్లు చూస్తే అర్థమవుతుంది."

"నేను పోయి చెప్పొచ్చా? నేను అసిస్టెంటును."

"జబ్బు గురించి నేను చెబుతాను. మీరు అన్న మాట మీరు వెనక్కి తీసుకోవడానికి నా పర్మిషన్ ఎందుకు?"

కొత్తగా వచ్చే పిల్లలూ, ఇక్కడ ఒక్కమాట. డిశ్చార్జి రోజు నడక చూసి ఆగిపోకండి. ఇంటివాళ్లను విడిగా కూర్చోబెట్టి, "ఈయన మునుపటి మనిషిలానే ఉన్నారా?" అని అడగండి. "కోపం పెరిగిందా, మాట తగ్గిందా, పనిలో వరస తప్పుతుందా?" అని అడగండి. వాళ్లు చెప్పింది రాసి డాక్టరు ముందు పెట్టండి. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి ఎవరికీ ధైర్యం ఇవ్వకండి. మీరు ఇచ్చిన ధైర్యమే రేపు రోగి మీద నేరంగా నిలబడుతుంది. ‘బాగానే ఉన్నాడన్నారు కదా, మరి కావాలనే చేస్తున్నాడు’ అంటారు. అనరా మరి? మనమే కదా చెప్పింది.

ఆదివారం

అల్వాల్‌లో వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి పదకొండు దాటింది. గుమ్మం పక్కన రెండు సంచులు, ఒక సూట్‌కేసు కట్టి పెట్టి ఉన్నాయి. రమణ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అప్పారావు గారు మంచం అంచున నిటారుగా కూర్చుని ఉన్నారు. లోపల కుక్కర్ కూతలు. వరలక్ష్మి భర్తకు రెండు రోజులకు సరిపడా వండి పెట్టి వెళ్లాలని వండుతోంది.

"రండి డాక్టరమ్మా" అంది గరిటెతోనే బయటికి వచ్చి.

"నేను డాక్టర్ని కాదు వరలక్ష్మీ. అసిస్టెంటును. ఇన్నేండ్లు అందరు అంటుంటే ఊకున్న. అది నా మొదటి తప్పు. రెండోది చెప్పనీకె వచ్చిన."

నిలబడే చెప్పాను. పెద్ద మెదడు బాగానే ఉంది, గుణానికేం కాదు అన్న మాట నాకు తెలిసి చెప్పింది కాదని, ఊరికే ధైర్యానికి చెప్పానని, అది తప్పని. వేలు గురి దాటినట్టే నవ్వు, కోపం గురి దాటొచ్చని డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. ఆయన్ని సోమవారం ఆమె చూడాలని, అప్పటిదాకా ఏదీ తేల్చుకోవద్దని బతిమాలాను.

రమణ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇదేటండి? అప్పుడొక మాట, ఇప్పుడొక మాట. రేపింకోటి చెప్తారు. మా బావ మీద జాలేసి చెప్తున్నారు మీరు."

"జాలి ఉన్నది అన్నా, లేదనను. కానీ జాలితోని రాలేదు. తప్పు చెప్పిన, దిద్దుకోనీకె వచ్చిన."

"కావాలని చేసేవాడికి కూడా జబ్బు పేరు పెట్టేయొచ్చు కదా అయితే?"

వాదన అతనిదే బలంగా ఉంది. నేను అప్పారావు గారి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. "మాస్టర్ గారూ, ఒక్క నిమిషం. మీకు తెలిసిన కూరల పేర్లు చెప్పుండ్రి. ఎన్నైనా సరే."

"ఏటి, ఆయనకా?" అంది వరలక్ష్మి. "నిద్దట్లో లేపి అడిగినా అరవై సెప్తాడు."

చేతి గడియారం చూసి మొదలుపెట్టమన్నాను.

"గుత్తొంకాయ" అన్నారాయన. "పనసపొట్టు." ఆగారు. "కంద... బచ్చలి." చేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి, ఏదో తరుగుతున్నట్టు. "వంకాయ." మళ్లీ ఆగారు. ముల్లు తిరుగుతోంది. గుమ్మంలో వరలక్ష్మి పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. అరటికాయ, ఆవ పెట్టిన పులుసు, దోసకాయ. అందించాలని చూస్తోంది, పరీక్షకు కూర్చున్న పిల్లవాడికి తల్లి అందించినట్టు. ఆయన ఆమె వైపు చూశారు.

"ఉన్నాయి. రాటం లేదు" అన్నారు.

నిమిషం అయిపోయింది. అయిదు పేర్లు. అందులో వంకాయ రెండుసార్లు.

వరలక్ష్మి గరిటె పక్కన పెట్టి గుమ్మంలోనే కూర్చుంది. పెళ్లి వంటల మాస్టరు కూరల పేర్లు అందక కూర్చోవడం ఆమెకు ఏ డాక్టరూ వివరించక్కర్లేదు. ఎవరి మీద పొగరు చూపించడానికి ఏ వంటవాడైనా కూరల పేర్లు మరిచిపోతాడు?

ఆమె తలెత్తింది. నన్ను కాదు, ఆయన్నే అడిగింది.

"మరి మాయమ్మ దగ్గర నవ్వింది నువ్వు కాదా?"

"నవ్వొచ్చేసింది" అన్నారాయన అదే గొంతుతో. "అత్త పోయిందని నాకు తెలుసు. లోపల ఏడుపే ఉంది. బయటికి అదొచ్చింది."

"సూసేవా, ఎలా సెప్తున్నాడో?" అన్నాడు రమణ. ఆవేశంలో అతని మాటలోకి ఊరి యాస వచ్చేసింది. "పేపరు సదివినట్టు! ఏడుపున్నోడు ఇలా సెప్తాడా?"

"చెప్తరు అన్నా" అన్నాను. "గొంతులకు రాదు అంతే."

వరలక్ష్మి నా వైపు తిరిగింది. "మళ్లీ మునపటి మనిషి అవుతాడా అమ్మా?"

నా నాలుక చివర పాత అలవాటు ప్రకారం ఒక చల్లని మాట సిద్ధంగా ఉంది. మింగేశాను. "నాకు తెల్వదమ్మా. కొంత తగ్గొచ్చంటున్నరు. ఎంతనో డాక్టరమ్మకు సుత ఇప్పుడే తెల్వదు. పని వరస రాసి గోడకు అంటించు, ఒక్కసారికి ఒక్కటే చెప్పు. నవ్వొచ్చినప్పుడు తిట్టకు, పక్కకు తీసుకపో. నాకు తెలిసింది గింతే."

లేచి లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు. కాసేపటికి నాలుగు కంచాలతో వచ్చి నేల మీద వరసగా పెట్టింది.

"తినేసి ఎల్లు అన్నయ్యా" అంది.

"ఎల్లు ఏటి? మరి నువ్వో?"

"రేపు సోమవారం. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాల."

"ఎల్లకాలం ఇలాగే పడుంటావేటే?"

"ఎల్లకాలం సంగతి నాకు తెలీదు. రేపటి సంగతి సెప్తున్నాను. పప్పు సల్లారిపోతంది, కూకో."

అందరం తిన్నాం. రమణ చెయ్యి కడుక్కుని, గుమ్మం పక్కన ఉన్న సంచుల వైపు ఒకసారి చూసి, ఉత్త చేతులతోనే మెట్లు దిగాడు. అప్పారావు గారు లేచి, గోడ పట్టుకోకుండా, తిన్నగా గేటు దాకా నడిచి వెళ్లారు.

"జాగర్తగా ఎల్లు బావా" అన్నారు.

ఆ గొంతులో ఏమీ లేదు. వేడీ లేదు, చల్లదనమూ లేదు. రమణ బండి స్టార్ట్ చేయబోతూ ఆగిపోయాడు. ముఖం ఎర్రబడింది.

"ఎటకారమా బావా?"

వరలక్ష్మి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి భర్త పక్కన నిలబడింది.

"ఎటకారం కాదన్నయ్యా. గొంతు అలాగొస్తంది, అంతే. మాట ఆయన్దే."